ఉంగరాల జుట్టు ఆరేలోగా ఒక సినిమా



ఈ ప్రసంగంలో రెండు సంగతులు కలిపి చెబుతాను. ఒకటి, ఉంగరాల జుట్టున్నవాళ్ళు సహజమైన దినుసులతో చేసిన షాంపూ బిళ్ళతో తలంటుకోవడం. రెండోది, ఆర్ట్ సినిమా చూడటం. ఒకటి స్నానాలగది వ్యవహారం, రెండోది కళకు సంబంధించింది. ఈ రెంటికీ పొత్తు ఎక్కడ కుదిరిందని మీరు అడగవచ్చు. ఉంగరాల జుట్టు తలంటు తర్వాత గాలికి ఆరడానికి రెండు గంటలు పడుతుంది, ఒత్తు జుట్టయితే మూడు గంటలు. ఆ సేపంతా దాన్ని కదపకుండా వదిలేయడమే దానికి మనం చేయగలిగిన పెద్ద ఉపకారం. నిదానంగా నడిచే మంచి సినిమా మనల్ని అడిగేదీ ఆ రెండు గంటల కుదురే. అందుకే మా ఇంట్లో ఈ రెండూ ఆదివారం మధ్యాహ్నం కలుసుకున్నాయి. ఈ రెండూ నాకు నేర్పింది ఒకటే. కొన్నింటిని వాటి తీరున ఉండనివ్వాలి, వాటి నడకన నడవనివ్వాలి. అప్పుడే వాటి అందం మన చేతికి వస్తుంది.

ముందు జుట్టు సంగతి చూద్దాం.

వెంట్రుక ఉంగరాలు తిరగడానికి కారణం చర్మం లోపలే ఉంది. సాపు వెంట్రుక మొలిచే కుదురు నిటారుగా ఉంటుంది, ఉంగరాల వెంట్రుకది వంగి ఉంటుంది. వెంట్రుకను అడ్డంగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే సాపు వెంట్రుక గుండ్రంగానూ, ఉంగరాల వెంట్రుక కోలగానూ కనిపిస్తాయి. మాడు చర్మం నుంచి ఊరే జిడ్డు సాపు జుట్టు మీద కొసదాకా సులువుగా దిగుతుంది. మెలికల జుట్టు మీద అంత సులువుగా దిగలేదు. అందుకే ఉంగరాల జుట్టు మాడు దగ్గర జిడ్డుగా ఉంటూనే కొసలు ఎండిపోతుంది. అది ఆ జుట్టు పుట్టుక. దాన్ని జబ్బనుకుని మందు వేయబోవడం దగ్గరే చిక్కంతా మొదలవుతుంది.

ఇంకో సంగతి. వెంట్రుక పైపొర ఇంటి కప్పు మీద పేర్చిన పెంకుల్లాగా, ఒకదాని మీద ఒకటి ఎక్కిన సన్నని పొలుసులతో ఉంటుంది. పొలుసులు అణిగి ఉంటే జుట్టు మెరుస్తుంది, వేళ్ళు జారతాయి. అవి లేచి నిలబడితే ఒక వెంట్రుక ఇంకోదాన్ని పట్టుకుని చిక్కు పడుతుంది. వాటిని లేపేది క్షారం, అణిచి ఉంచేది కాస్తంత పులుపు. మాడు చర్మం పీహెచ్ సుమారు 5.5 ఉంటుంది, అంటే ఆమ్లం వైపు. నూనెనూ కాస్టిక్ సోడానూ కలిపి చేసే మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దాకా పోతుంది. ఒంటికి రుద్దుకునే సబ్బే తలకూ రుద్దుకుంటే జుట్టు బిరుసెక్కి పీచులా లేవడానికి కారణం ఇది. పైగా చాలా ఊళ్ళలో మనకు అందేది బోరు నీళ్ళు. ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెల్లని మడ్డిగా మారి జుట్టుకు అంటుకుంటాయి. ఎన్ని చెంబులు పోసినా ఒక పట్టాన వదలదు.

మన పెద్దవాళ్ళు పీహెచ్ లెక్కలు చూడకపోయినా సరైన దినుసునే పట్టుకున్నారు. కుంకుడుకాయలు చితక్కొట్టి, గింజలు ఏరేసి, వేణ్ణీళ్ళలో నానబెట్టి పిసికితే వచ్చే నురుగులో ఉండేవి సాపోనిన్లు. అవి జిడ్డును పట్టి నీళ్ళలో కలిపేస్తాయి. కుంకుడు రసం కొద్దిగా ఆమ్లం వైపే ఉంటుంది, సీకాయ కూడా అంతే. మందారాకు నలిపితే వచ్చే జిగురు, నానిన మెంతుల జిగురు చిక్కు విడదీసేటప్పుడు వేళ్ళు జారేలా చేస్తాయి. రసం కళ్ళలో పడి పిల్లలు గోలపెడితే ఒక ఉప్పుకల్లు నోట్లో వేసేవారు. తలంటు తర్వాత సాంబ్రాణి పొగ పట్టేవారు. ఇదంతా చేయడానికి ఇంట్లో ఒక మనిషి పూట కేటాయించాలి. ఉద్యోగాలకూ బడులకూ పరుగులు పెట్టే ఇళ్ళలో ఆ పూట దొరకడం లేదు. అందుకే కుంకుడుకాయల స్థానంలోకి షాంపూ పొట్లాలు వచ్చాయి. ఇప్పుడు బిళ్ళలు వస్తున్నాయి.

ద్రవరూపంలో ఉండే షాంపూలో ఎక్కువ భాగం నీళ్ళే. ఆ నీళ్ళు తీసేసి, శుభ్రం చేసే పదార్థాన్నీ నూనెలనూ మూలికల పొడులనూ గట్టిగా అచ్చుపోస్తే షాంపూ బిళ్ళ. ప్లాస్టిక్ సీసా ఉండదు, ప్రయాణంలో ఒలికిపోదు. కాగితం చుట్టిన బిళ్ళ ఒకటి కొంటే వారాల తరబడి వస్తుంది. ఈ కారణాలన్నిటికీ నాకు ఇదంటే ఇష్టం. అయితే కొనేముందు అట్ట వెనక్కి తిప్పి చదవండి. బజారులో "సహజం" అన్న ముద్రతో రెండు జాతుల బిళ్ళలు అమ్ముతున్నారు. పేరు ఒకటే అయినా పని వేరు.

మొదటి జాతి అసలు సబ్బే. సోడియం కోకోయేట్, సోడియం పామేట్, సోడియం ఆలివేట్ అనో, సాపోనిఫైడ్ కొబ్బరినూనె అనో రాసి ఉంటుంది. నూనెలు మంచివే కావచ్చు, చేసినవాళ్ళు చేత్తోనే చేసి ఉండవచ్చు. అయినా సబ్బు సబ్బే, క్షారం క్షారమే. రెండో జాతి బిళ్ళల్లో సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ అనే పదార్థం ఉంటుంది. పేరు నోరు తిరగకపోయినా దాని మూలం కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాలే. ఇది మాడుకు దగ్గరైన పీహెచ్‌లోనే నురుగునిస్తుంది, బోరు నీళ్ళలోనూ మడ్డి కట్టదు. ఉంగరాల జుట్టుకు నేను ఈ రెండో జాతినే సిఫారసు చేస్తాను. మీ దగ్గర మొదటి జాతి బిళ్ళే ఉంటే పారేయనక్కర్లేదు. తలంటు అయ్యాక పెద్ద మగ్గు నీళ్ళలో ఒక చెంచా నిమ్మరసం కలిపి జుట్టు మీదుగా పోసి, మళ్ళీ మంచినీళ్ళతో కడిగేయండి. లేచిన పొలుసులు అణుగుతాయి. నిమ్మరసం మాత్రం నీళ్ళు కలపకుండా ఎప్పుడూ పోయకండి.

వాడే పద్ధతి కూడా చెప్పాలి. చాలామంది ఒంటి సబ్బు రుద్దినట్టు బిళ్ళను జుట్టు పొడవునా అటూ ఇటూ రుద్దుతారు. మెలికలన్నీ పెనవేసుకుపోయి జడలు కట్టేది అక్కడే. జుట్టును ముందు బాగా తడపండి. బిళ్ళను అరచేతుల మధ్య తిప్పి నురుగు తీయండి. ఆ నురుగును మాడుకు మాత్రం, వేళ్ళ కొసలతో, గోళ్ళు తగలకుండా పట్టించండి. నీళ్ళు పోసేటప్పుడు కిందికి జారే నురుగు చాలు, కొసలు శుభ్రపడతాయి. తర్వాత కండిషనరో, మెంతి జిగురో కొసలకు పట్టించి, పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనతో అడుగు నుంచి మొదలుపెట్టి పైకి రండి. మొదట చివరి నాలుగు అంగుళాలు, ఆ తర్వాత దానిపైన నాలుగు అంగుళాలు. పైనుంచి ఒక్కసారిగా లాగితే చిక్కులన్నీ ఒకచోట చేరి ముడిపడతాయి. తడి వెంట్రుక ఎక్కువ సాగుతుంది, తక్కువ లాగుడుకే తెగుతుంది. అందుకే ఈ పని మెల్లిగా జరగాలి. ఆఖరికి మెత్తని పాత నూలుగుడ్డతో జుట్టును అడుగు నుంచి పైకి ఒత్తి నీళ్ళు పీల్చండి. తువ్వాలుతో బరబరా తుడవకండి. బిళ్ళను కూడా నీళ్ళు కారిపోయే చిల్లుల పళ్ళెంలో పెట్టండి. నీళ్ళలో నానితే పదిరోజుల్లో కరిగిపోతుంది.

ఇక ఆరబెట్టడం. అన్నిటికంటే ముఖ్యం ఇదే, అందరూ తొందరపడేదీ ఇక్కడే. వెంట్రుక లోపల కెరటిన్ అనే ప్రొటీన్ పోగులను పట్టి ఉంచే బంధాల్లో హైడ్రోజన్ బంధాలు ఒక రకం. జుట్టు తడిస్తే అవి విడిపోతాయి, ఆరుతున్నకొద్దీ మళ్ళీ కుదురుకుంటాయి. ఆరే సమయంలో జుట్టు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారం నిలుస్తుంది. ఆ సమయంలో దువ్వినా, వేళ్ళు పెట్టి కదిపినా, ముడి చుట్టినా ఉంగరాలు చెదిరి పీచులా లేస్తాయి. ఏమీ చేయకుండా కూర్చుంటే ఒక్కో పాయ తన మెలికను తానే తెచ్చుకుంటుంది. అంటే మనం చేయవలసిన పనల్లా రెండు గంటలు చేతులు దూరంగా పెట్టుకోవడమే.

చెప్పినంత తేలిక కాదది. మా చెల్లెలి కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. ఒత్తయిన ఉంగరాల జుట్టు. బడిలో పిల్లలు నూడుల్స్ అని పిలుస్తున్నారట. సెలవులకు వచ్చినప్పుడు, "పెద్దమ్మా, అమ్మతో చెప్పి నాకు స్ట్రెయిటెనింగ్ చేయించవా? ప్లీజ్," అని బతిమాలింది. శాశ్వతంగా సాపు చేసే మందులు వెంట్రుకలోని గట్టి డైసల్ఫైడ్ బంధాలనే తెంచుతాయనీ, కొన్ని రకాలను వేడి చేస్తే క్యాన్సర్ కారకమైన ఫార్మాల్డిహైడ్ వెలువడుతుందనీ దానికి చెప్పాను. విన్నది. విని, "మరి నేనేం చేయాలి?" అంది. ఆ మాటకు పాఠం చెబితే సరిపోదనిపించింది. ఆ ఆదివారం మధ్యాహ్నం దాని తలకు నేనే బిళ్ళతో పైన చెప్పిన పద్ధతిలో తలంటి, కిటికీ పక్కన కూర్చోబెట్టి సత్యజిత్ రాయ్ తీసిన పథేర్ పాంచాలి పెట్టాను.

ఆదివారం మధ్యాహ్నం అలాంటి సినిమా అన్నది నా తరం వాళ్ళకు కొత్త కాదు. ఎనభైల్లో దూరదర్శన్ ఆదివారం మధ్యాహ్నాలు ప్రాంతీయ భాషా చిత్రాలు వేసేది. బెంగాలీ, మలయాళం, కన్నడం, ఒడియా అన్నీ ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళతో మన ముందు గదుల్లోకి వచ్చాయి. టికెట్టు కొనకుండా, ఊరు దాటకుండా దేశంలోని గొప్ప సినిమాలు చూసిన అదృష్టం అది.

పథేర్ పాంచాలి 1955లో విడుదలైంది. దాన్ని పూర్తి చేయడానికి రాయ్‌కి దాదాపు మూడేళ్ళు పట్టింది. డబ్బు అయిపోయి మాటిమాటికీ షూటింగు ఆగింది, చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం పెట్టుబడి పెట్టింది. అక్కాతమ్ముళ్ళు దుర్గ, అపు రెల్లుపూల మధ్య పరుగెత్తి రైలును చూసే ఘట్టం చాలామందికి తెలుసు. ఒకరోజు కొంత తీసి, వారం తర్వాత మళ్ళీ అక్కడికి వెళ్ళేసరికి ఆ పూలన్నీ పశువులు మేసేశాయి. మరుసటి ఏడు పూలు పూసేదాకా ఆగి మిగతాది తీశారు. ఆ ఓర్పు తెరమీద ప్రతి అంగుళంలోనూ తెలుస్తుంది.

ఆ సినిమాలో వాన ఘట్టం ఉంది. ముందు చెరువు కనిపిస్తుంది. నీటిమీద పురుగులు తిరుగుతుంటాయి, తామరాకులు గాలికి లేస్తాయి, రవిశంకర్ సితార్ వినిపిస్తుంటుంది. మనిషి లేడు, మాట లేదు. తర్వాత గట్టున గాలం వేసుకు కూర్చున్న ఒకాయన బట్టతల మీద తొలి చినుకు పడుతుంది. అక్కడ మా పిల్ల గట్టిగా నవ్వింది. ఆ తర్వాత వాన కుండపోతగా కురుస్తుంది. దుర్గ జుట్టు విరబోసుకుని, తడుస్తూ గిరగిరా తిరుగుతుంది. తమ్ముడు అపు చెట్టుకింద వణుకుతూ చూస్తుంటాడు. ఆ అమ్మాయి ముఖంలోని ఆనందాన్ని రాయ్ తొందరపడి కత్తిరించలేదు. ఎందుకు అంతసేపు ఉంచాడో తర్వాత తెలుస్తుంది. ఆ వానకే దుర్గకు జ్వరం వస్తుంది, ఆ జ్వరంతోనే పోతుంది. ఊరినుంచి తిరిగివచ్చిన తండ్రి సంగతి తెలియక కూతురికోసం తెచ్చిన చీర బయటికి తీస్తాడు. తల్లి ఆ చీర పట్టుకుని కుప్పకూలి ఏడుస్తుంది. ఆమె ఏడుపు మనకు వినిపించదు. దానికి బదులు తార్ షెహనాయి నాదం వినిపిస్తుంది. ఆ క్షణంలో మా పిల్ల చేయి నా చేతిమీద పడింది.

చెరువు మీది పురుగులు చూసిన ఆ కొద్ది క్షణాలు కథకు అక్కర్లేనివని తీసేస్తే ఆ వాన అంత బరువుగా కురవదు. ఆర్ట్ సినిమాను ఇష్టపడనివారు "ఏమీ జరగదు" అంటారు. జరుగుతుంది. మన కళ్ళు ఆ వేగానికి అలవాటుపడటానికి పది పదిహేను నిమిషాలు కావాలి, అంతే.

మన నేలమీద తీసిన సినిమాలూ ఉన్నాయి. శ్యామ్ బెనెగల్ తన మొదటి కథాచిత్రం అంకుర్‌ను 1974లో మన తెలంగాణ పల్లెను ఆధారం చేసుకుని తీశారు. దక్కనీ మాటతీరు వినిపించే ఆ సినిమాతోనే షబానా ఆజ్మీ పరిచయమయ్యారు, దానికే జాతీయ ఉత్తమ నటి పురస్కారం అందుకున్నారు. బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ 1977లో ప్రేమ్‌చంద్ కథను తెలుగులో ‘ఒక ఊరి కథ’ పేరుతో తీశారు. బి.నర్సింగరావు 1988లో దాసి తీశారు. 1920ల నాటి తెలంగాణలో ఒక దొర గడీ, అందులో కమలాక్షి అనే దాసి. ఆ సినిమాలో మాటలు చాలా తక్కువ. గడీలో పనుల చప్పుళ్ళు, గుమ్మాల నీడలు, పిలిస్తే పరుగున రావలసిన ఆడమనిషి అడుగులు. ఒక మనిషి తన ఒంటిమీద కూడా తనకు హక్కులేకుండా ఎలా బతికిందో ఉపన్యాసం లేకుండా తెలుస్తుంది. కమలాక్షిగా నటించిన అర్చనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. తెలుగులో ఇలాంటి సినిమా ఉందని మన పిల్లలకు మనమే చెప్పాలి.

పరాయి దేశపు సినిమా ఒకటి చూడదలిస్తే బెల్జియం దర్శకురాలు శాంటాల్ ఆకెర్మాన్ 1975లో తీసిన జాన్ డీల్‌మాన్ గురించి తెలుసుకోండి. మూడు గంటల ఇరవై నిమిషాల సినిమా. బ్రసెల్స్‌లో కొడుకుతో ఉండే ఒక వితంతువు మూడు రోజుల జీవితం. ఆమె బంగాళాదుంపల చెక్కు తీస్తుంది, పక్క సర్దుతుంది, స్నానం చేసి ఆ తొట్టిని కడుగుతుంది. కెమెరా కదలకుండా నిలబడి ఆ పనులన్నీ చూస్తుంది. రెండో రోజు దుంపలు ఎక్కువ ఉడికి పాడైపోతే అది మనకు పెద్ద ప్రమాదంలా తోస్తుంది, ఎందుకంటే అప్పటికి ఆమె క్రమం మనకు కంఠస్థమై ఉంటుంది. 2022లో సైట్ అండ్ సౌండ్ పత్రిక విమర్శకుల ఓటింగులో ఈ సినిమాకే మొదటి స్థానం దక్కింది. మన ఇళ్ళలో ఆడవాళ్ళు రోజూ చేసే పని ఇంతసేపు చూడదగ్గదని చెప్పిన సినిమా అది. అయితే ఇది పెద్దవాళ్ళు చూడవలసింది, పిల్లలతో కలిసి కాదు.

ఈ సినిమాలన్నిటిలో నాకు నచ్చేది ఇంకొకటి ఉంది. వీటిలో మనుషులు మనుషుల్లాగే కనిపిస్తారు. నల్లగా ఉన్నవాళ్ళు నల్లగానే ఉంటారు. ముడతలున్న ముఖం ముడతలతోనే ఉంటుంది. పథేర్ పాంచాలిలో ఇందిర్ ఠాక్రున్‌గా వేసిన చునీబాలా దేవి బోసినోరు, వంగిన నడుము సినిమాకంతటికీ వెలుగు. అందానికి ఒకే అచ్చు ఉంటుందని ప్రకటనలు మన పిల్లలకు రోజూ చెబుతున్నాయి. ఆ అచ్చులో పట్టనివాళ్ళు తమను తాము సాపు చేసుకోవాలని తాపత్రయపడుతున్నారు. వాళ్ళకు "నువ్వు బాగానే ఉన్నావమ్మా" అన్న మాట ఒక్కటే చాలదు. అందం ఎన్ని రకాలుగా ఉంటుందో కళ్ళారా చూడాలి. మంచి సినిమా చూపించేది అదే.

కాబట్టి ఉంగరాల జుట్టు పిల్లలున్న తల్లులకు నా విన్నపం ఇది. బడికి పంపేముందు పొడి జుట్టును దువ్వి దువ్వి, నూనె అద్ది, బిగించి జడ వేసే పద్ధతి మానండి. అట్ట చదివి మంచి బిళ్ళ ఎంచుకోండి. వారంలో ఒక పూట తలంటుకు కేటాయించండి. డ్రయ్యరు పెట్టెలోనే ఉండనివ్వండి. జుట్టు ఆరేలోగా పిల్లలతో కూర్చుని వయసుకు తగిన మంచి సినిమా ఒకటి చూడండి. వేగం పెంచే మీట నొక్కకండి, ఫోను పక్క గదిలో పెట్టండి. మధ్యలో పిల్లలు విసుక్కుంటే కోప్పడకుండా "ఇప్పుడు నీకేం కనిపించింది, ఏం వినిపించింది" అని అడగండి. సినిమా అయ్యాక కాసేపు మాట్లాడుకోండి.

మా చెల్లెలి కూతురు స్ట్రెయిటెనింగ్ ఊసు పూర్తిగా మానిందని చెప్పను. పదిహేనేళ్ళ పిల్ల మనసు ఒక్క మధ్యాహ్నంతో మారదు, మారాలని తొందరపెట్టడమూ న్యాయం కాదు. కానీ వెళ్ళేముందు బిళ్ళ ఒకటి అడిగి తీసుకుంది. ఈ మధ్య ఫోను చేసి, "పెద్దమ్మా, అపు పెద్దయ్యాక ఏమయ్యాడో చూపించే సినిమాలు ఇంకా రెండున్నాయట కదా, దసరాకి వస్తాను, కలిసి చూద్దాం," అంది. అపరాజితో, అపూర్ సంసార్ రెండూ తీసి పెట్టి ఉంచాను. మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లలుంటే వాళ్ళ జుట్టుకూ వాళ్ళ కళ్ళకూ కావలసినంత సమయం ఇవ్వండి. అది వాళ్ళకు మనం బాకీ ఉన్నది.